పాడి మీది, వీధి అందరిదీ

నిన్నటిదాకా మీ ఇంటి వెనక గొడ్లచావిడి ఎవరికీ అడ్డం కాలేదు. మీ నాన్నగారి హయాంలో నాలుగు గేదెలుండేవి, ఇప్పుడూ నాలుగే ఉన్నాయి. తెల్లవారుజామునే లేచి పాలు పితికి, వాడుకలకి పోసి, మిగిలినవి పాలకేంద్రంలో పోసి వస్తున్నారు. అలాంటిది ఓ రోజు మునిసిపాలిటీ మనిషి గుమ్మంలో నిలబడి "ఫిర్యాదు వచ్చిందండీ, మీకు లైసెన్స్ ఉందా?" అని అడిగాడు. మీకు ఒళ్ళు మండింది. "మా తాతల నాటి నుంచీ పెంచుతున్నాం, గేదెకి లైసెన్సేంటయ్యా?" అని గట్టిగానే అన్నారు.

కోపం రావడంలో తప్పు లేదు. కాకపోతే మీ గేదెలు మారకపోయినా ఊరు మారిపోయింది. మన కొండపల్లి, ఇబ్రహీంపట్నం వేర్వేరు పంచాయతీలుగా ఉన్న రోజుల్లో ఒక లెక్క నడిచింది. రెండూ కలిసి కొండపల్లి మునిసిపాలిటీ అయ్యాయి. 2021 నవంబరు 15న 29 వార్డులకి తొలి ఎన్నికలు కూడా జరిగాయి. అంతటితో పంచాయతీ రాజ్ చట్టం పక్కకి జరిగింది, 1965 నాటి మునిసిపాలిటీల చట్టం వచ్చి కూర్చుంది. చుట్టూ ఉన్న ఖాళీ స్థలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్టుమెంట్లయ్యాయి. ఒకప్పుడు మీ చావిడికి అవతల జనుము చేను ఉండేది, ఇప్పుడు ఎవరిదో పడకగది కిటికీ ఉంది.

మరి ఏం చేయాలి? గేదెల్ని అమ్ముకోవాలా? అక్కర్లేదు. దొంగచాటుగా పెంచాలా? అదీ వద్దు. ఈ అధ్యాయంలో చట్టాల పాఠం చెప్పను. మీరు చేయాల్సిన పనులు చెబుతాను, అవి కూడా ఒక వరసలో. ఒక్క సంగతి మాత్రం మొదటే మనసులో పెట్టుకోండి. ఆఫీసు వాళ్ళు తమంతట తాము మీ చావిడిని వెతుక్కుంటూ రావడం అరుదు. ఎవరో ఫోన్ చేస్తే వస్తారు. ఆ ఫోన్ ఎందుకు వెళుతుందో కనిపెట్టి, ఆ కారణాన్ని ముందే తీసేయగలిగితే సగం లైసెన్స్ మీ చేతిలో ఉన్నట్టే.

ముందు మీది ఏ గాటో చూసుకోండి

ఒక్క ఆవున్న ఇల్లాలినీ, ఇరవై ముర్రా గేదెలున్న డెయిరీనీ చట్టం ఒకే గాటన కట్టదు. కాబట్టి మూడు ప్రశ్నలకి నిజాయితీగా జవాబు చెప్పుకోండి.

*ఎందుకు పెంచుతున్నారు?* ఇంట్లో పిల్లల పాలకా, అమ్మకానికా? ఇది అసలు ప్రశ్న. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం కాలం నుంచే మన కోస్తా పట్టణాల్లో లాభం కోసం పశువుల్ని ఉంచే పాకలకి, కొట్టాలకి లైసెన్స్ అడగడం ఉంది. ఇది నిన్నగాక మొన్న ఎవరో మీ మీద కక్షతో తెచ్చిన రూలు కాదు. వాడుకలకి పాలు పోసి నెలకింత అని డబ్బు తీసుకుంటున్నారా? అయితే మీది వ్యాపారమే. "మాది చిన్నదండీ" అన్నా సరే, వ్యాపారమే.

*ఎన్ని ఉన్నాయి?* పశువులపై క్రూరత్వ నివారణ చట్టం కింద 1978లో పశువుల ఆవరణల నమోదుకి నిబంధనలు వచ్చాయి. లక్షకి మించి జనాభా ఉన్న పట్టణంలో లాభం కోసం ఐదు, అంతకు మించి పశువుల్ని ఉంచితే ఆ ఆవరణని నమోదు చేయించాలి. విజయవాడ జనాభా పది లక్షలు దాటింది కాబట్టి చిట్టినగర్‌లోనో సింగ్‌నగర్‌లోనో ఐదు గేదెలున్న మీ బావగారికి ఇది వర్తిస్తుంది. 2011 లెక్కల్లో కొండపల్లి జనాభా 33 వేల పైచిలుకు. ఇబ్రహీంపట్నాన్ని కలిపినా ఆ లెక్కల్లో లక్ష కాలేదు. అంటే ఈ ఒక్క నిబంధన ఇంకా మీ గుమ్మం దాకా రాలేదు. అంతమాత్రాన చేతులు దులుపుకోకండి. మునిసిపల్ లైసెన్స్ వేరు, ఇది వేరు. పైగా ఊరు ఆ అంకెని దాటడానికి ఎన్నో ఏళ్ళు పట్టదు.

*ఎక్కడ కట్టేస్తున్నారు?* సొంత పెరట్లోనా, అద్దె స్థలంలోనా, పోరంబోకులోనా, కాలువ గట్టు మీదా, రోడ్డు పక్క కరెంటు స్తంభానికా? మొదటి దానికి లైసెన్స్ అడగవచ్చు. రెండోదానికి యజమాని ఒప్పుకోలు కాగితం కావాలి. మిగతా మూడింటికి ఏ ఆఫీసర్ కూడా సంతకం పెట్టడు.

జవాబులు తేలాయా? ఇక పనిలోకి దిగుదాం.

ఎనిమిది అడుగులు

1. వాళ్ళు మీ దగ్గరికి రాకముందే మీరు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

మీ వార్డు సచివాలయంలో పారిశుధ్యం, పర్యావరణం చూసే కార్యదర్శి ఉంటారు. మొదట అక్కడికి. తర్వాత మునిసిపల్ ఆఫీసులో ప్రజారోగ్య విభాగం, అంటే శానిటరీ ఇన్‌స్పెక్టర్. ఏమని అడగాలి? తడుముకోకుండా ఇలా అడగండి: "సార్, మా ఇంటి వెనక నాలుగు పాడిగేదెలున్నాయి. పాలు అమ్ముతున్నాను. దీనికి ట్రేడ్ లైసెన్స్ కావాలా? కావాలంటే ఏ పేరు కింద ఇస్తారు, ఫీజు ఎంత, ఏమేం కాగితాలు కావాలి?"

ఆఫీసులో దీన్ని 'డి అండ్ ఓ' లైసెన్స్ అంటే కంగారుపడకండి. జనానికి ఇబ్బంది కలగడానికి వీలున్న వ్యాపారాలన్నిటికీ వాళ్ళు వాడే మాట అది. పిండిమిల్లుకీ, కట్టెల అడితీకీ కూడా అదే మాట. ఫీజు ఎంతన్నది కౌన్సిల్ తీర్మానాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి పక్క ఊళ్ళో ఎవరో చెప్పిన అంకె పట్టుకుని వెళ్ళకండి. లైసెన్స్ ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడుస్తుంది. జనవరిలోనో ఫిబ్రవరిలోనో కట్టబోతే "ఈ ఫీజు ఎన్నాళ్ళకి?" అని అడిగి తెలుసుకుని కట్టండి.

నోటిమాటగా "ఏం అక్కర్లేదులెండి, వెళ్ళండి" అని పంపేస్తే ఏం చేయాలి? సంతోషంగా ఇంటికి వచ్చేయకండి. అదే ప్రశ్నని తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద తేదీతో ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి. రేపు ఆ సీట్లోకి ఇంకొకరు వస్తారు. వాళ్ళకి మీ నోటిమాట వినపడదు, ఆ స్టాంపు కనపడుతుంది.

2. కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టండి.

ఇంటి పన్ను రసీదు, స్థలం దస్తావేజు నకలు లేదా అద్దె ఒప్పందం, ఆధార్, పశువుల ఫోటోలు, చెవిపోగు నంబర్లు, టీకా వివరాలు, పాలకేంద్రం పాస్‌బుక్. వీటితోపాటు చేత్తో గీసిన ఒక చిన్న పటం. ఇల్లు ఎక్కడ, చావిడి ఎక్కడ, మురుగు ఎటు పోతుంది, పక్కింటి గోడ ఎన్ని అడుగుల దూరం? ఈ పటం ఎవరూ అడగకపోవచ్చు. అయినా ఇచ్చి చూడండి. తనిఖీకి వచ్చే మనిషికి మీరు దాచుకునేది ఏమీ లేదని తెలిసిపోతుంది.

ఇంకొక జాగ్రత్త. ఇంటి ప్లాన్‌లో చుట్టూ వదలాల్సిన ఖాళీలో రేకుల పాక వేశారా? అయితే ప్రజారోగ్యం వాళ్ళతోపాటు టౌన్ ప్లానింగ్ వాళ్ళు కూడా వస్తారు. ఒక ఫిర్యాదు రెండవుతుంది. అర్జీ పెట్టేముందే పాకని జరపగలరేమో చూడండి.

3. పేడకి ఒక దారి చూపండి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో డెయిరీలకీ, గోశాలలకీ మార్గదర్శకాలు ఇచ్చింది, 2021లో వాటిని సవరించింది. సుమారు 400 కిలోల బరువున్న పశువు రోజుకి 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుందని వాళ్ళ లెక్క. తక్కువలో తక్కువ 15 కిలోలే అనుకుందాం. నాలుగు గేదెలకి రోజుకి 60 కిలోలు. నెల తిరిగేసరికి 18 క్వింటాళ్ళు! ఇంత సరుకుని మీరు ఎక్కడ పెడుతున్నారు?

చాలామంది చేసే పని గొట్టం పెట్టి కడిగేసి సైడు కాలువలోకి తోసేయడం. ఆ మార్గదర్శకాలు వద్దనేది సరిగ్గా దీన్నే. పేడ కాలువలో పేరుకుంటుంది, మురుగు ఆగుతుంది, దోమలు లేస్తాయి, నాలుగో ఇంటి వాళ్ళు ఫోన్ తీస్తారు. మీ గేదె అరుపు ఎవర్నీ బాధపెట్టలేదు. బాధపెట్టింది కాలువ.

దారులు ఏమున్నాయి? ఒకటి, పొడిగా ఎత్తడం. కడగడానికి ముందు పారతో, తట్టతో పేడ మొత్తం ఎత్తేయండి. అప్పుడు కడిగే నీళ్ళూ తగ్గుతాయి. రెండు, అమ్మకం. మనకి కూతవేటు దూరంలో జి.కొండూరు, మైలవరం మామిడి తోటలున్నాయి. వారానికో ట్రాక్టరు వచ్చి పట్టుకెళ్ళేలా ఒక తోట రైతుతో మాట్లాడుకోండి. డబ్బు తక్కువ వచ్చినా ఫరవాలేదు, ట్రాక్టరు రావడం ముఖ్యం. మూడు, గోబర్ గ్యాస్. ఒక ఘనపు మీటరు గ్యాసుకి దాదాపు 25 కిలోల పేడ కావాలి. మీ 60 కిలోలతో రెండు ఘనపు మీటర్ల ప్లాంటు హాయిగా నడుస్తుంది, ఇంట్లో వంట గడుస్తుంది. స్థలం ఉంటేనే సుమా! ఇరుకు పెరట్లో గుంత తవ్వి పక్కింటి పునాది మీదకి తెచ్చుకోకండి.

4. నీళ్ళు నిలవనివ్వకండి.

కుడితి తొట్టి వారానికి ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి ఎండబెట్టండి. చావిడి నేల కాలువ వైపు కాస్త వాలుగా ఉండాలి, మూత్రం ఒక గుంతలోకి చేరాలి. వరిగడ్డి వాము తడవకుండా పైన పట్టా కప్పండి. తడిసి కుళ్ళిన గడ్డి వాసన పేడ వాసన కన్నా ఘాటు. సాయంత్రం వేపాకు పొగ వేస్తారు కదా? వేయండి, కానీ ఆ పొగ ఎవరి కిటికీలోకి పోతోందో చూసుకుని వేయండి.

కాలువ గట్టు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ఎలా ముంచిందో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. డైవర్షన్ కాలువకి గండ్లు పడ్డది మన పక్కనే. గట్టు మీద పాక వేస్తే వానాకాలంలో మొదట పోయేది మీ పశువే. అది ఆక్రమణ కూడా కాబట్టి మీ తరఫున మాట్లాడేవాళ్ళు ఉండరు. స్థలం లేక గట్టెక్కాం అంటారా? అయితే అడుగు 8 చదివి, ఇంకో ఇద్దరు ముగ్గురితో కలిసి ఊరి చివర అద్దె స్థలం చూడండి.

5. పశువుని రోడ్డు మీదకి వదలకండి.

"పొద్దున విప్పితే సాయంత్రానికి అదే వస్తుందండీ, దాని దారి దానికి తెలుసు." ఇలా అనేవాళ్ళు మన వీధికొకరు ఉన్నారు. దారి దానికి తెలుసు, లారీకి తెలియదు. హైదరాబాదు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారీ, జగదల్‌పూర్ వెళ్ళే 30వ నంబరు రహదారీ కలిసేది ఇబ్రహీంపట్నంలోనే. రాత్రిపూట నల్లటి గేదె రోడ్డుకి అడ్డంగా పడుకుంటే బండి మీద వచ్చేవాడికి కనపడుతుందా?

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారుల మీద తిరిగే పశువుల్ని తొలగించి గోశాలల్లాంటి చోట ఉంచాలని ఆదేశించింది. అంతకు ఎంతో ముందే, 1871 నుంచీ బందెలదొడ్డి చట్టం ఉంది. దొడ్డికి తోలిన పశువుని జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. గడువులో ఎవరూ రాకపోతే వేలం వేయవచ్చు. తోలుకుపోతున్నవాళ్ళ మీద పడి పశువుని లాక్కోవడం వేరే నేరం. ఇక మీ పశువు వల్ల ఎవరికైనా ప్రాణాపాయం, గాయం కలిగే వీలుండి, మీరు జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఉంది. ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గేదె మేసే రెండు పూటల గడ్డి కోసం ఇంత తలనొప్పి తెచ్చుకుంటారా?

మేతకి కొండ మీదకి తోలేవాళ్ళు కూడా ఉన్నారు. కొండపల్లి ఖిల్లా చుట్టూ ఉన్నది రిజర్వు అడవి. అనుమతి లేకుండా అందులో పశువుల్ని మేపడం 1967 అటవీ చట్టం కింద నేరం. అటవీ శాఖ వాళ్ళని అడిగి, ఎక్కడిదాకా తోలవచ్చో తెలుసుకున్నాకే తోలండి.

6. చెవిపోగు వేయించండి, టీకా తప్పించకండి.

చెవికి వేసే ఆ పసుపు బిళ్ళ మీద 12 అంకెల నంబరు ఉంటుంది. చాలామంది "చెవికి పుండు పడుతుంది" అని వద్దంటారు. పుండు పడినా మానుతుంది. ఆ నంబరు లేకపోతే మాత్రం టీకా లెక్కలో మీ గేదె ఉండదు. వరదల్లోనో పిడుగుపాటుకో పశువు పోతే, అది మీదేనని పశువైద్యుడి చేత ధ్రువీకరణ తెచ్చుకోవడమూ కష్టమే.

గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేస్తారు. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద అది ఉచితం. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యదూడలకి బ్రూసెల్లోసిస్ టీకా జీవితంలో ఒక్కసారే. వానలకి ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు. ఇవన్నీ ఒక చిన్న పుస్తకంలో తేదీలతో రాసుకోండి. తనిఖీకి వచ్చిన మనిషి చేతిలో ఆ పుస్తకం పెట్టి చూడండి, మాట తీరే మారుతుంది. అవసరం పడితే సంచార పశువైద్య వాహనానికి 1962కి ఫోన్ చేయండి.

7. పాల అమ్మకానికి ఇంకో కాగితం ఉందని మరచిపోకండి.

చావిడికి లైసెన్స్ ఒకటి, పాలకి రిజిస్ట్రేషన్ మరొకటి. పాలు ఆహారం కాబట్టి 2006 ఆహార భద్రత చట్టం వస్తుంది. మీరు సహకార సంఘంలో సభ్యులై, పాలు మొత్తం సంఘానికే పోస్తుంటే మీకు విడిగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ మొత్తం పోస్తున్నారా? పొద్దుటి పాలు కేంద్రానికి, సాయంత్రం పాలు అపార్టుమెంట్లో పది ఫ్లాట్లకి పోస్తుంటే ఆ మినహాయింపు మీకు దొరకదు. ఏడాది అమ్మకం నిర్ణీత పరిమితి లోపు ఉన్న చిన్న వ్యాపారికి రిజిస్ట్రేషన్ చాలు, పెద్ద లైసెన్స్ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు.

ఒక పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. దూడ చనిపోయిందనో, గేదె చేపు రావడం లేదనో మెడికల్ షాపులో ఇంజక్షన్ తెచ్చి పొడవకండి. పాలు పెంచడానికి పశువు ఆరోగ్యాన్ని చెడగొట్టే ఇంజక్షన్ ఇవ్వడం 1960 క్రూరత్వ నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ళ దాకా జైలు పడవచ్చు, పశువుని కూడా స్వాధీనం చేసుకుంటారు.

8. పక్కింటి తలుపు తట్టండి.

అన్నిటికన్నా చవకైనదీ, అందరూ ఎగ్గొట్టేదీ ఈ అడుగే. పక్క అపార్టుమెంట్లోకి కొత్తగా ఒక కుటుంబం దిగింది అనుకుందాం. మొదటి వారంలోనే వెళ్ళి మాట కలపండి.

"అమ్మా, మేం వెనకింటి వాళ్ళం. మాకు గేదెలున్నాయి. ఏమైనా ఇబ్బందిగా ఉంటే నాకే చెప్పండి."

"వాసన కొంచెం వస్తోందండీ, ముఖ్యంగా పొద్దున్నపూట."

"కడిగే టైమమ్మా అది. రేపటి నుంచి ఐదింటిలోపే పేడ ఎత్తించేస్తాను. ఇదిగో నా నంబరు."

ఎంతసేపు పట్టింది? కానీ ఆవిడ తర్వాత ఎప్పుడు విసుక్కున్నా మొదటి ఫోన్ మీకు వస్తుంది, మునిసిపాలిటీకి వెళ్ళదు. ఈ సంభాషణలో ఒక కిటుకు కూడా ఉంది. "ఊళ్ళో ఇవన్నీ మామూలే" అనలేదు. ఫలానా టైముకి ఫలానా పని చేస్తానన్నారు. అన్నాక చేయండి మరి!

స్థలం చాలక ఎంత శుభ్రం చేసినా వాసన ఆగడం లేదా? అప్పుడు మీలాంటి నలుగురు కలవండి. ఊరి చివర అద్దెకి స్థలం, ఒకే పేడగుంత, ఒకే మనిషి కాపలా. మునిసిపాలిటీకి నలుగురూ కలిసి అర్జీ ఇస్తే దాన్ని పక్కన పడేయడం అంత తేలిక కాదు.

మేకలు, కోళ్ళు, పందులు ఉన్నవాళ్ళకి ఒక మాట

నాలుగు మేకలున్నా గొడవ వచ్చేది ఒక్క కారణంతోనే: అవతలివాళ్ళ పూలమొక్కలు. కట్టేసి మేపండి, గొర్రెలకీ మేకలకీ పారుడు రోగం టీకా వేయించండి. కోళ్ళున్నవాళ్ళు రాత్రి గూటికి తలుపు వేయండి, కొక్కెర రోగం టీకా మరచిపోకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఆ చుట్టుపక్కల కోళ్ళ కదలిక మీదా, అమ్మకాల మీదా ఆంక్షలు పెట్టారు. ఉన్నట్టుండి నాలుగైదు కోళ్ళు చనిపోతే కాలువలో పడేయకండి, పశువైద్యుడికి చెప్పండి. సంక్రాంతి పందెం కోసం పుంజుని పెంచుతున్నారా? పుంజుని పెంచడం తప్పు కాదు, పందెం నేరం. ఇక పందులు. వీధుల్లో వదిలేసిన పందుల విషయంలో మునిసిపాలిటీలు చాలా కటువుగా ఉంటాయి. మెదడువాపు వైరస్ పందుల్లో పెరిగి దోమల ద్వారా పిల్లలకి చేరుతుంది కాబట్టి ఇందులో బేరాలకి తావు తక్కువ. ఊరి బయట కంచె వేసిన చోటు ఉంటేనే ఆ పనికి దిగండి.

అందరూ చేసే ఐదు తప్పులు

1. *"ఇంటికోసమే" అని రాయడం.* అర్జీలో అలా రాసి, వీధిలో పాల డబ్బాలతో తిరిగితే మీ మాటకి విలువ పోతుంది. అమ్ముతుంటే అమ్ముతున్నానని రాయండి.

2. *కౌన్సిలర్‌తో ఫోన్ చేయించి ఊరుకోవడం.* ఫోన్ ఆ రోజుకి పనిచేస్తుంది. మళ్ళీ ఫిర్యాదు వస్తే ఫైల్లో మీ కాగితం ఒక్కటీ ఉండదు.

3. *ఒట్టిపోయిన గేదెనో, దున్నదూడనో వీధిలో వదిలేయడం.* బాధ్యత తీరిపోయిందనుకుంటారు. చెవిపోగు నంబరు మీ పేరు మీదే ఉంది, గుర్తుందా?

4. *రసీదు లేకుండా డబ్బు ఇవ్వడం.* ఎవరికైనా సరే. ఫీజంటే రసీదు, రసీదు లేనిది ఫీజు కాదు.

5. *ఒకటి ఒకటిగా పెంచుకుంటూ పోవడం.* నాలుగింటికి అర్జీ పెట్టి తొమ్మిది కట్టేస్తే పాత అనుమతి మిమ్మల్ని కాపాడదు. పెంచేముందు చోటు కొలవండి, పేడ లెక్క మళ్ళీ వేయండి.

నోటీసు వచ్చేసిందా?

భయపడకండి. మొదట తేదీ చూడండి. ఎన్ని రోజుల్లో జవాబివ్వాలని రాశారు? రెండోది, నోటీసులో ఏం తప్పు చూపించారు? లైసెన్స్ లేకపోవడమా, మురుగా, ఆక్రమణా? ఏది రాశారో దానికే జవాబు ఇవ్వండి. తాతల కాలం నాటి కథ రాయకండి. "ఫలానా తేదీన పేడగుంత తవ్వించాను, ఫోటో జత చేశాను, లైసెన్స్‌కి ఫలానా తేదీన అర్జీ పెట్టాను, నకలు జత చేశాను, మరో పదిహేను రోజులు గడువు ఇప్పించగలరు." ఈ మాటలు చాలు.

నోటీసు ఆర్డీవో దగ్గర నుంచో తహసీల్దారు దగ్గర నుంచో వస్తే అది కాస్త బరువైంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద జనానికి ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆదేశం ఇవ్వవచ్చు. అయితే దానిలోనూ మీ వాదన చెప్పుకోవడానికి ఒక తేదీ ఇస్తారు. ఆ రోజు తప్పకుండా వెళ్ళండి. వెళ్ళకపోతే ఆదేశం ఖాయం అవుతుంది.

తప్పు అసలు మీది కాకపోతే? మీ వీధిలో కాలువే లేదు, ఉన్నదీ పూడిపోయింది, ఆ మురుగంతా మీ గేదెల మీదకి నెట్టారు అనుకుందాం. అప్పుడు మీకూ ఒక మాట ఉంది. 1980లో రత్లాం మునిసిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు, డబ్బు లేదన్న సాకుతో మునిసిపాలిటీ మురుగు బాధ్యత తప్పించుకోలేదని తీర్పిచ్చింది. కాలువ తీయించమని రాతపూర్వకంగా అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. లైసెన్స్ ఫీజు మీద కౌన్సిల్ తీర్మానం చూపించమంటే చూపించడం లేదా? సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మర్యాదగా అడగండి, కానీ కాగితం మీద అడగండి.

ఈ వారం పనుల పట్టీ

1. పశువులెన్ని, పాలు ఎవరికి, ఎన్ని లీటర్లు: ఒక కాగితం మీద రాయండి.
2. చెవిపోగు లేనివాటికి వేయించండి.
3. చావిడి నుంచి కాలువలోకి వెళ్ళే గొట్టం ఉంటే మూసేయండి.
4. పేడ తీసుకెళ్ళే రైతుతో మాట్లాడండి.
5. రెండు పక్కల ఇళ్ళకీ వెళ్ళి రండి.
6. వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి.

ఆరింటిలో ఐదు పనులకి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పెద్దగా ఖర్చూ లేదు. ఆరోదానికి ఒక పూట పడుతుంది. కొండపల్లి ఇంకా పెరుగుతుంది, మీ చావిడి చుట్టూ ఇంకా ఇళ్ళు వస్తాయి, నిబంధనలు ఇంకా బిగుస్తాయి. పట్నంలో పాడి నిలబడాలంటే శుభ్రమైన చావిడీ కావాలి, దాని పేరు మీద ఒక కాగితమూ కావాలి. మొదటిది ఈ రోజే మొదలుపెట్టండి. రెండోదానికి ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగకండి.